గో భాషలో జేసన్ అర్రే: ధర వచ్చింది, సరుకు పేరు ఎందుకు రాలేదు?

ఇదే చిక్కులో ఉన్న మరొకరికి కూడా పనికొస్తుంది కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మార్కెట్ యార్డుల ధరలు మీకు ఈ రూపంలో జేసన్ (పేరు, విలువ జతలుగా డేటా రాసే పాఠ రూపం) అర్రేగా, అంటే వరుస జాబితాగా, అందుతున్నాయి. అంకెలు మచ్చుకు వేసినవి, క్వింటాలుకు రూపాయల్లో.

[
  {"సరుకు": "టమాటా", "ధర": 1800, "మార్కెట్": "మదనపల్లె"},
  {"సరుకు": "మిరప", "ధర": 14500, "మార్కెట్": "గుంటూరు"},
  {"సరుకు": "పసుపు", "ధర": 12000, "మార్కెట్": "నిజామాబాద్"}
]

దీనికోసం మీరు గో ప్రోగ్రామింగ్ భాషలో రేట్ అనే స్ట్రక్ట్ (కొన్ని ఫీల్డులను కలిపి ఉంచే రకం) రాశారు. అందులో సరుకు, ధర, మార్కెట్ అనే మూడు ఫీల్డులు, ఇంగ్లిష్ లిపిలో, పెద్ద అక్షరంతో మొదలయ్యేలా. ప్రతి ఫీల్డు పక్కన జేసన్ ట్యాగులో (ఆ ఫీల్డుకు జేసన్‌లో ఏ పేరు వెతకాలో చెప్పే చిన్న రాతలో) అసలు తెలుగు కీని, అంటే కోలన్‌కు ముందున్న పేరును, పెట్టారు. రేట్ల స్లైస్ (పొడవు పెరగగల జాబితా) ఒకటి ప్రకటించి, దాని చిరునామాను, జేసన్‌ను గో విలువల్లోకి విప్పే అన్‌మార్షల్‌కు ఇచ్చారు. ఎర్రర్ రాలేదు. మూడు రికార్డులూ వచ్చాయి. మూడు ధరలూ సరిగ్గా ఉన్నాయి. సరుకు, మార్కెట్ మాత్రం అన్నిట్లోనూ ఖాళీ స్ట్రింగులే. ఫైలు ఎన్‌కోడింగ్ మార్చినా, గో వెర్షన్ మార్చినా ఫలితం అదే.

మీ ఫైలులో తప్పు లేదు, మీ అన్‌మార్షల్ పిలుపులోనూ తప్పు లేదు. గో ప్రామాణిక జేసన్ ప్యాకేజీ మీ మూడు ట్యాగుల్లో రెండింటిని చెల్లవని పక్కన పెట్టేసింది, ఆ సంగతి మీకు చెప్పలేదు. చెల్లిన ఒకే ఒక్క ట్యాగు "ధర". ఎందుకో చూద్దాం. కోడ్‌ను మాటల్లోనే వివరిస్తాను. ఫంక్షన్ల, మెథడ్ల (ఒక రకానికి కట్టిన ఫంక్షన్ల) పేర్లన్నీ గో అధికారిక పత్రాల్లో ఉన్నవే.

గో విలువలను జేసన్‌గా మార్చే మార్షల్ ఫంక్షన్ వివరణలోనే ఒక షరతు రాసి ఉంది. ట్యాగులో ఇచ్చిన కీ పేరును వాడుకోవాలంటే అది ఖాళీగా ఉండకూడదు. అందులో యూనికోడ్ అక్షరాలు, అంకెలు, ఆస్కీ విరామ చిహ్నాలు మాత్రమే ఉండాలి. కోట్ గుర్తులు, బ్యాక్‌స్లాష్, కామా ఉండకూడదు. పైపైన చదివితే తెలుగుకు అడ్డేమీ కనిపించదు, తెలుగువీ అక్షరాలే కదా. అయితే ఇక్కడ అక్షరం అంటే యూనికోడ్ పట్టికలో అక్షరాల వర్గంలో చేర్చినది మాత్రమే. తెలుగులో అచ్చులు, హల్లులు ఆ వర్గంలోనే ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మాత్రం చిహ్నాల వర్గంలో ఉన్నాయి. అవి ముందున్న అక్షరాన్ని ఆనుకొని వచ్చే గుర్తులన్నది ఆ వర్గీకరణ వెనకున్న ఆలోచన.

ఇప్పుడు మీ మూడు కీలను విడదీసి చూడండి. "సరుకు"లో మూడు హల్లులతో పాటు కొమ్ము రెండుసార్లు వచ్చింది. కొమ్ము చిహ్నం కాబట్టి ట్యాగు చెల్లలేదు. "మార్కెట్"లో దీర్ఘం, ఎత్వం, రెండు పొల్లులు ఉన్నాయి, అదీ చెల్లలేదు. "ధర"లో ఉన్నవి ధ, ర అనే రెండు హల్లులు మాత్రమే. తలకట్టుకు యూనికోడ్‌లో వేరే సంకేతం లేదు, అది హల్లులోనే కలిసి ఉంటుంది. అందుకే ఆ మాట పరీక్ష దాటింది. ఈ లెక్కన ఆట, కథ, పలక, గడప లాంటి మాటలు ట్యాగులుగా పనిచేస్తాయి. పేరు, ఊరు, జిల్లా, మండలం, తేదీ పనిచేయవు. మన భాషలో ఒక్క గుణింతపు గుర్తు గానీ, ఒత్తు గానీ, సున్న గానీ లేని మాటలు ఎంత తక్కువో మీకు తెలుసు. పరీక్ష కోసం ధర ఒక్క ఫీల్డు పెట్టి, అది పనిచేయగానే మిగతావీ పనిచేస్తాయని నమ్మేస్తారు.

ట్యాగు చెల్లనప్పుడు ప్యాకేజీ ఆగదు. ట్యాగే లేనట్టు భావించి ఫీల్డు పేరునే కీగా తీసుకుంటుంది. అంటే మీ ప్రోగ్రాము జేసన్‌లో ఇంగ్లిష్ లిపిలోని సరుకు కోసం వెతికింది. అది లేదు. తెలుగు లిపిలో ఉన్న కీకి తగిన ఫీల్డు దొరక్క దాన్ని వదిలేసింది. రెండూ అనుమతి ఉన్న పనులే కాబట్టి ఎర్రర్ రాలేదు. కంపైలర్‌కు ట్యాగు ఒక మామూలు స్ట్రింగు, దాని లోపలికి తొంగిచూడదు. కోడ్‌లో అనుమానించదగ్గ తప్పులను వెతికే గో వెట్ అనే సాధనం ట్యాగు నిర్మాణాన్ని, రెండు ఫీల్డులకు ఒకే కీ ఇవ్వడాన్ని, చిన్న అక్షరంతో మొదలయ్యే ఫీల్డుకు జేసన్ ట్యాగు పెట్టడాన్ని పట్టుకుంటుంది గానీ దీన్ని పట్టుకోదు.

ఫీల్డు పేరునే తెలుగులో పెడితే పోదా అని మీకు తోచవచ్చు. కుదరదు. గోలో ఐడెంటిఫయర్ (వేరియబుల్, ఫీల్డు లాంటివాటి పేరు) అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తోనే ఉండాలి, చిహ్నాలకు చోటు లేదు. సరుకు అని తెలుగులో రాస్తే కంపైలర్ కొమ్ము దగ్గరే ఆగిపోతుంది. ధర అని రాస్తే కంపైల్ అవుతుంది, కానీ అక్కడ ఇంకో గోడ ఉంది. ప్యాకేజీ బయటికి కనిపించే పేరు పెద్ద అక్షరంతో మొదలు కావాలి. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా లేదు కాబట్టి తెలుగు అక్షరంతో మొదలైన ఏ పేరూ బయటికి కనిపించదు. జేసన్ ప్యాకేజీ కనిపించని ఫీల్డులను ముట్టుకోదు. ఈ రెండు పరిమితులనూ గో వెబ్‌సైటులోని తరచూ అడిగే ప్రశ్నల పేజీ ఒప్పుకుంటుంది. మొదటిదానికి దేవనాగరిని ఉదాహరణగా చూపిస్తుంది, రెండోదానికి ముందు ఒక ఇంగ్లిష్ పెద్ద అక్షరం తగిలించడం తప్ప ప్రస్తుతానికి దారి లేదని, అది తృప్తికరం కాదని కూడా చెబుతుంది.

గో రూపకర్తలు ముగ్గురిలో ఇద్దరు, కెన్ థాంప్సన్, రాబ్ పైక్, 1992లో యూటీఎఫ్-8ను (యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతిని) తయారుచేసినవారే. స్ట్రింగులు, సోర్స్ ఫైళ్లు మొదటి రోజు నుంచీ యూటీఎఫ్-8లో ఉన్న భాష ఇది. తెలుగు పాఠాన్ని దాచడంలో, పంపడంలో, వెతకడంలో గోకు ఏ ఇబ్బందీ లేదు. పేర్ల విషయంలో మాత్రం సులువైన నియమం కావాలని ఇరుకైన నియమం పెట్టుకున్నారు. పైథాన్ 3లో పేరు అనే తెలుగు మాటను నేరుగా వేరియబుల్‌గా వాడుకోవచ్చు, ఎందుకంటే అక్షరం తర్వాత వచ్చే చిహ్నాలను అది అనుమతిస్తుంది. జేసన్ ప్రమాణం వైపు నుంచి చూసినా తెలుగు కీలలో తప్పేమీ లేదు. 2017 నాటి ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8259 ప్రకారం కీ అంటే ఒక స్ట్రింగు, అది ఏ లిపిలోనైనా ఉండవచ్చు. కాబట్టి తెలుగు కీలు వాడటమే తప్పని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మీకు డేటా పంపేవారు నియమం తప్పలేదు.

ఇక పరిష్కారం. డేటా పంపేది కూడా మీరే అయితే కీలను ఇంగ్లిష్ లిపిలో పెట్టి, విలువలను తెలుగులో ఉంచడం తక్కువ శ్రమ. మీ విషయంలో డేటా బయటి నుంచి వస్తోంది, మార్చలేరు. అప్పుడు నేను గట్టిగా సూచించేది రేట్ స్ట్రక్ట్‌కు సొంత అన్‌మార్షల్‌జేసన్ మెథడ్ రాయడం. చాలామంది దీన్ని పెద్ద పని అనుకొని దూరం పెడతారు, నిజానికి పాతిక లైన్లు దాటదు.

ఆ మెథడ్ బైట్ల స్లైస్ ఒకటి తీసుకొని ఎర్రర్ తిరిగి ఇస్తుంది. దాని రిసీవర్ (మెథడ్ ఏ రికార్డు మీద పనిచేస్తుందో అది) తప్పనిసరిగా పాయింటర్ (అసలు విలువ ఉన్న చోటి చిరునామా) అయి ఉండాలి. విలువ రిసీవర్ పెడితే మెథడ్ ఒక నకలును నింపి ముగుస్తుంది, అసలు రికార్డు మళ్లీ ఖాళీగానే మిగులుతుంది, మళ్లీ ఎర్రర్ రాదు. లోపల ముందుగా ఒక మ్యాప్ (కీని బట్టి విలువను ఇచ్చే పట్టిక) ప్రకటించండి, కీ స్ట్రింగు, విలువ జేసన్ ప్యాకేజీలోని రా మెసేజ్. వచ్చిన బైట్లను ఈ మ్యాప్‌లోకి అన్‌మార్షల్ చేయండి. మ్యాప్ కీలకు ఆ అక్షరాల నియమం వర్తించదు, అవి కేవలం డేటా. "సరుకు" అనే కీ ఉన్నది ఉన్నట్టు మ్యాప్‌లో కనిపిస్తుంది. రా మెసేజ్ అంటే ఇంకా విప్పని జేసన్ ముక్క. విలువ అంకెనా, స్ట్రింగా, ఇంకో అర్రేనా అని ఇప్పుడే తేల్చుకోనక్కర లేదు. తర్వాత ఒక్కో కీని మ్యాప్‌లోంచి తీసి, ఆ ముక్కను సంబంధిత ఫీల్డు చిరునామాలోకి మరోసారి అన్‌మార్షల్ చేయాలి.

కీలు మూడే అయినా ఈ రెండో దశకు ఒక చిన్న సహాయక ఫంక్షన్ రాసుకోండి. అది మ్యాప్‌ను, కీని, గమ్యాన్ని తీసుకుంటుంది. మ్యాప్‌లో కీ ఉందో లేదో రెండు విలువల రూపంలో అడుగుతుంది. లేకపోతే ఆ కీ పేరుతో సహా ఎర్రర్ ఇస్తుంది. ఉంటే విప్పుతుంది, విప్పేటప్పుడు తప్పు వస్తే దానికీ కీ పేరు జోడిస్తుంది. ఉందో లేదో అడగకుండా నేరుగా విప్పితే, లేని కీకి ఖాళీ బైట్లు చేతికొస్తాయి. అప్పుడు ప్యాకేజీ జేసన్ ఇన్‌పుట్ అర్ధాంతరంగా ముగిసిందని ఫిర్యాదు చేస్తుంది. ఫైలు తెగిపోయిందేమోనని మీరు డౌన్‌లోడ్ కోడ్‌ను వెతుకుతూ కూర్చుంటారు. రాత్రి పన్నెండుకు లాగ్ చదివే మనిషికి "మార్కెట్ అనే కీ లేదు" అనే తెలుగు వాక్యం ఎంత ఊరటో చెప్పలేను.

ఈ మెథడ్ ఉంటే మిగతా కోడ్ ఏమీ మారదు. రేట్ల స్లైస్‌లోకి అన్‌మార్షల్ చేసినప్పుడు ప్యాకేజీ అర్రేలోని ప్రతి వస్తువుకూ మీ మెథడ్‌నే పిలుస్తుంది. రేపు ఆ అర్రే ఇంకో వస్తువు లోపల, "వివరాలు" లాంటి కీ కింద వచ్చినా, పై పొరకు మరో చిన్న మెథడ్ రాస్తే చాలు, రేట్ దగ్గర పని మారదు. అన్నట్టు, అర్రేగా వచ్చిన జేసన్‌ను ఒంటి స్ట్రక్ట్‌లోకి విప్పబోతే అర్రేను ఆ రకంలోకి మార్చలేనని ఎర్రర్ వస్తుంది. జేసన్ మొదటి అక్షరం చతురస్ర బ్రాకెట్టా, మీసాల బ్రాకెట్టా అని చూసి గమ్యాన్ని స్లైస్‌గానో స్ట్రక్ట్‌గానో పెట్టుకోవాలి. మీరు దీన్ని సరిగ్గానే చేశారు.

ఒక జాగ్రత్త. మెథడ్ లోపల రేట్ చిరునామానే మళ్లీ అన్‌మార్షల్‌కు ఇస్తే అది తిరిగి మీ మెథడ్‌నే పిలుస్తుంది, స్టాక్ నిండి ప్రోగ్రాము కూలిపోయేదాకా ఆగదు. మ్యాప్‌లోకి విప్పుతున్నాం కాబట్టి ఇక్కడ ఆ ప్రమాదం లేదు. మిగతా చోట్ల స్ట్రక్ట్‌లోకే విప్పవలసి వస్తే మెథడ్ లోపల రేట్ నుంచి కొత్త రకం ఒకటి ప్రకటించి దాన్ని వాడతారు. కొత్త రకానికి ఫీల్డులు వస్తాయి, మెథడ్లు రావు.

కొందరు ఇచ్చే ఇంకో సలహా, జేసన్‌ను విప్పకముందే బైట్లలో "సరుకు"ను వెతికి ఇంగ్లిష్ మాటతో మార్చేయడం. దయచేసి ఆ దారి పట్టకండి. కీ ఏదో విలువ ఏదో ఆ వెతుకులాటకు తెలియదు. వ్యాఖ్య ఫీల్డులో ఎవరో "సరుకు తడిసింది" అని రాస్తే అదీ మారిపోతుంది. కోట్ గుర్తులు కలిపి వెతికినా, కోలన్‌కు ముందు ఖాళీ ఉన్నా లేకున్నా పట్టుకునేలా రాసినా, ఏదో ఒక రోజు దొరక్కుండా పోయే రూపం ఒకటి వస్తుంది.

తెలుగు కీలతో ఇంకో సమస్య ఉంది. మ్యాప్‌లో వెతకడం బైట్ల పోలికతో జరుగుతుంది, కంటికి ఒకేలా కనిపించే రెండు మాటలు బైట్లలో వేరుగా ఉండవచ్చు. "మార్కెట్" చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి, తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఉండటానికి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మనం "మార్కెట్‌లో" అని రాసేటప్పుడు అది అవసరమే. కీ చివర మాత్రం అనవసరంగా మిగిలిపోతుంది. ఎక్సెల్ ఫైలులో శీర్షికలు టైపు చేసి, వాటినే జేసన్ కీలుగా మార్చిన డేటాలో ఇది తరచూ కనిపిస్తుంది. అలాగే ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం పక్కన ఐత్వపు గీత చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. "పైరు" అనే కీ ఒక జిల్లా ఫైలులో ఒకలా, మరో జిల్లా ఫైలులో మరోలా ఉండగలదు.

కాబట్టి మీ మెథడ్‌లో మ్యాప్ రాగానే, కీలను ఒకసారి శుభ్రం చేసి కొత్త మ్యాప్‌లోకి ఎక్కించండి. రెండు చివర్లలో ఖాళీలు తీసేయాలి. నాన్ జాయినర్‌ను, దానిలాగే కంటికి కనిపించని జీరో విడ్త్ జాయినర్‌ను, రెండింటినీ తొలగించాలి. ఆ తర్వాత గో బృందమే నిర్వహించే టెక్స్ట్ ఉప ప్యాకేజీల్లోని నార్మ్‌తో ఎన్ఎఫ్‌సీ రూపానికి (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే సంకేతాలతో రాసే యూనికోడ్ ప్రామాణిక రూపానికి) తేవాలి. ఐత్వం సమస్యను ఎన్ఎఫ్‌సీ తీరుస్తుంది. నాన్ జాయినర్‌ను అది తొలగించదు, అందుకే ఆ పని విడిగా చేయాలి. ఈ శుభ్రత కీలకు మాత్రమే చేయండి. విలువల్లో నాన్ జాయినర్ తీసేస్తే "మార్కెట్‌లో" అన్న మాట తెర మీద వేరుగా కనిపిస్తుంది, చదివేవారికి అది అచ్చుతప్పే.

ఏ కీ ఎలా ఉందో చూడాలంటే మామూలుగా ప్రింట్ చేస్తే ప్రయోజనం లేదు. ఫార్మాట్ గుర్తుల్లో క్యూ అని ఒకటుంది, అది స్ట్రింగును కోట్లలో పెట్టి, కనిపించని అక్షరాలను సంకేతాలుగా చూపిస్తుంది. క్యూకు ముందు ప్లస్ చేరిస్తే తెలుగు అక్షరాలన్నీ సంకేతాలుగానే వస్తాయి. అలా చూస్తే ఐత్వం ఒక సంకేతమా రెండా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీరు అడగని, కానీ అడగవలసిన సంగతి. ఎర్రర్ లేదంటే ఏమిటని అర్థం? జేసన్ నిర్మాణం సరిగ్గా ఉందని, పేరు కలిసిన ఫీల్డుల రకాలు కుదిరాయని. అంతే. ఫీల్డులన్నీ నిండాయని అది ఎప్పుడూ హామీ ఇవ్వదు. ఈ మౌనం కావాలనే పెట్టినది, దానివల్ల లాభమూ ఉంది. నలభై కీలున్న జేసన్‌లోంచి మీకు ధర ఒక్కటే కావాలంటే ధర ఫీల్డు ఒక్కటే ఉన్న స్ట్రక్ట్ రాసుకుంటే సరిపోతుంది, మిగతావన్నీ వదిలేస్తుంది. ఆ సౌకర్యమే మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది. అందుకని కొత్త డేటాతో పని మొదలుపెట్టినప్పుడు అన్‌మార్షల్ బదులు డీకోడర్ (జేసన్‌ను కొద్దికొద్దిగా చదువుతూ విప్పేది) వాడి, తెలియని ఫీల్డులను అనుమతించవద్దనే అమరికను (డిసలౌ అన్‌నోన్ ఫీల్డ్స్) పిలవండి. ఇది 2018లో వచ్చిన గో 1.10 నుంచీ ఉంది. మీ పాత కోడ్‌కు ఈ ఒక్క లైను చేర్చి ఉంటే "సరుకు" తెలియని ఫీల్డు అని మొదటి రికార్డు దగ్గరే ఎర్రర్ వచ్చేది. ట్యాగులో ఉన్న పేరే తెలియదంటోందేమిటి అని వెతికితే గంటలో కారణం దొరికేది.

అయితే సొంత మెథడ్ రాశాక ఆ అమరిక మెథడ్ లోపలికి చేరదు. లోపల మీరు పిలిచే అన్‌మార్షల్ కొత్తగా మొదలవుతుంది, బయటి డీకోడర్ షరతులు దానికి తెలియవు. కాబట్టి ఆ కాపలా మీరే పెట్టుకోవాలి. సహాయక ఫంక్షన్ ఒక కీని చదవగానే దాన్ని మ్యాప్‌లోంచి తొలగించండి. మెథడ్ చివర మ్యాప్‌లో ఇంకా ఏమైనా మిగిలితే అవి మీకు తెలియని కీలు. వాటిని ఎర్రర్‌గా ఇస్తారో, లాగ్‌లో రాసి ముందుకెళతారో మీ అవసరాన్ని బట్టి. బయటి నుంచి వచ్చే ధరల డేటాకు నేనైతే లాగ్‌లో రాస్తాను. వాళ్లు కొత్త కీ చేర్చిన రోజు మీ సేవ ఆగిపోకూడదు.

ఎర్రర్‌ను చూడకుండా వదిలేసే అలవాటు ఉంటే ఇక్కడే మానేయండి, దానికో కారణం ఉంది. ఒక ఫీల్డు రకం కుదరకపోతే అన్‌మార్షల్ అక్కడే ఆగిపోదు. ఆ ఫీల్డును దాటవేసి, మిగతావి వీలైనంత నింపి, చివర మొదటి తప్పును మాత్రం తిరిగి ఇస్తుంది. ఎర్రర్ చూడనివారికి సగం నిండిన డేటా సరైనదిలాగే కనిపిస్తుంది. ఆ ఎర్రర్‌ను అన్‌మార్షల్ టైప్ ఎర్రర్ రకంగా పట్టుకుంటే ఏ ఫీల్డు, ఎన్నో బైటు దగ్గర అన్నది కూడా అందులో ఉంటుంది. అది బైట్ల లెక్క, అక్షరాల లెక్క కాదు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు తీసుకుంటుంది. ఎడిటర్‌లో అక్షరాలు లెక్కపెట్టుకుంటూ పోతే తప్పున్న చోటు దాటి చాలా దూరం వెళ్లిపోతారు. బైట్ల స్లైస్‌ను ఆ స్థానం దగ్గర కోసి, చుట్టుపక్కల ముక్కను ప్రింట్ చేయడం మేలు. ఫైలు మొదట్లోనే చెల్లని అక్షరం ఉందని, అది నెత్తిన రెండు చుక్కలున్న చిన్న ఐ అని చెబితే, ఎవరో ఫైలును పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు ముందు మూడు బైట్ల బైట్ ఆర్డర్ మార్క్ చేరి ఉంటుంది. వాటిని కోసేసి విప్పండి.

ధర విషయంలో రా మెసేజ్ పెట్టుకున్న లాభం ముందు ముందు తెలుస్తుంది. ఇవాళ 1800 అంకెగా వస్తోంది. రేపు ఇంకో యార్డు నుంచి "1,800" అని కామాతో స్ట్రింగుగా రావచ్చు. అప్పుడు ధర కోసం విడిగా ఒక రకం ప్రకటించి, దానికీ ఒక అన్‌మార్షల్‌జేసన్ మెథడ్ ఇవ్వండి. మొదటి బైటు కోట్ గుర్తు అయితే స్ట్రింగుగా విప్పి, కామాలు తీసి, అంకెగా మార్చాలి. కాకపోతే నేరుగా అంకెగా విప్పాలి. తెలుగు అంకెల్లో ధర వస్తే స్ట్రింగు నుంచి అంకెగా మార్చే ప్రామాణిక ఫంక్షన్లు వాటిని ఒప్పుకోవు, యూనికోడ్ ప్యాకేజీ మాత్రం వాటిని అంకెలుగానే గుర్తిస్తుంది. ఒక్కో అంకె సంకేతంలోంచి తెలుగు సున్నా సంకేతాన్ని తీసేస్తే అసలు విలువ వస్తుంది.

స్ట్రక్ట్ వద్దనుకొని అంతా ఏ రకమైనా పట్టే మ్యాప్‌లోకి విప్పి, ధరను ఇంట్‌గా తీసుకోబోయేవారు చాలామంది. ప్రోగ్రాము అక్కడే పానిక్ అవుతుంది, అంటే కూలిపోతుంది, ఎందుకంటే అలాంటి మ్యాప్‌లో జేసన్ అంకెలన్నీ ఫ్లోట్64గానే (దశాంశ సంఖ్యల రకంగానే) వస్తాయి. పెద్ద గుర్తింపు సంఖ్యలకు ఇది ఇంకా ప్రమాదం. 9007199254740992 దాటిన పూర్ణాంకాలన్నిటినీ ఫ్లోట్64 తేడా లేకుండా పట్టి ఉంచలేదు, చివరి అంకె మారిపోవచ్చు. స్ట్రక్ట్‌లో పూర్ణాంక రకం పెట్టుకుంటే ఈ బాధ లేదు. మ్యాపే కావాలంటే డీకోడర్‌లో యూజ్ నంబర్ అమరిక వాడాలి.

ఇక విలువలు తీసుకోవడం. స్లైస్ సరిగ్గా నిండాక అది మామూలు గో పని. సరుకుల పేర్ల జాబితా కావాలంటే రేట్ల పొడవంత సామర్థ్యంతో, సున్నా పొడవుతో స్ట్రింగుల స్లైస్ తయారుచేసి, రేంజ్ లూప్‌లో ఒక్కో రేట్‌లోని సరుకును చేర్చుకుంటూ పోవడమే. పొడవునే రేట్లంత పెట్టి ఆ తర్వాత చేరిస్తే ముందు అన్ని ఖాళీ స్ట్రింగులు మిగులుతాయి. ఇప్పటికే ఖాళీ స్ట్రింగులతో విసిగిన మీకు అదొక కొత్త అయోమయం. మార్కెట్ వారీగా కావాలంటే మార్కెట్ పేరు కీగా, రేట్ల స్లైస్ విలువగా మ్యాప్ పెట్టుకోండి. లేని కీకి చేర్చినా గో దానంతటదే కొత్త స్లైస్ మొదలుపెడుతుంది. లూప్‌లో చేతికొచ్చే రేట్ నకలు అన్నది గుర్తుంచుకోండి. దాని ధరను మారిస్తే అసలు స్లైస్‌లో ధర మారదు. మార్చాలంటే ఇండెక్స్ ద్వారా మార్చాలి.

ధర సున్నా అని వచ్చినదాన్ని, ధర అసలు రానిదాన్ని వేరుచేయాల్సి వస్తే ఫీల్డును పాయింటర్‌గా పెట్టండి. సెలవు రోజు యార్డులో వేలం జరగలేదంటే ధర లేదని అర్థం, సున్నా రూపాయలని కాదు. సగటు లెక్కేసేటప్పుడు ఈ తేడా పట్టించుకోకపోతే రైతుకు చూపించే సగటు ధర అబద్ధం అవుతుంది. ఇలాంటి ఫీల్డుకు సహాయక ఫంక్షన్‌లో కీ లేకపోయినా ఎర్రర్ ఇవ్వని రెండో రూపం ఉంచుకోండి.

ఇదే స్ట్రక్ట్‌ను తిరిగి జేసన్‌గా పంపాలన్నా ట్యాగుల నియమమే అడ్డొస్తుంది. తెలుగు ట్యాగులు చెల్లక బయటికి వెళ్లే జేసన్‌లో కీలు ఇంగ్లిష్ లిపిలోని ఫీల్డు పేర్లుగా మారిపోతాయి, ధర ఒక్కటే తెలుగులో ఉంటుంది. అందుకు మార్షల్‌జేసన్ మెథడ్ రాసి, లోపల మ్యాప్ కట్టి మార్షల్ చేయండి. ఈ మెథడ్‌కు విలువ రిసీవర్ పెట్టడమే మంచిది, అప్పుడు విలువను ఇచ్చినా పాయింటర్‌ను ఇచ్చినా పనిచేస్తుంది. మ్యాప్ కీలు ఎప్పుడూ క్రమబద్ధమై వస్తాయి, మీరు రాసిన వరుస ఉండదు. తెలుగు అక్షరాలు మాత్రం సంకేతాలుగా మారకుండా తెలుగుగానే వెళతాయి.

గో 1.25లో ప్రయోగాత్మకంగా చేర్చిన జేసన్ రెండో వెర్షన్ గురించి కూడా ఒక మాట. దాని పత్రాల ప్రకారం కామాలు, కోట్ గుర్తులు ఉన్న పేర్లకే ప్రత్యేక రాత కావాలి. పాత అక్షరాల షరతు అందులో లేదు కాబట్టి తెలుగు ట్యాగులకు దారి తెరిచినట్టే. అయితే అది విడిగా తెరిస్తే తప్ప పనిచేయని ప్రయోగం. నడుస్తున్న సేవకు ఇప్పుడే దాని మీద ఆధారపడమని చెప్పను. మీరు రాసుకున్న మెథడ్ ఏ వెర్షన్‌లోనైనా పనిచేస్తుంది.

చివరిగా, ఏడాది ధరలన్నీ ఒకే అర్రేగా వచ్చే పెద్ద ఫైలు ఉందని రాశారు. దాన్ని మొత్తం మెమరీలోకి చదవనక్కర లేదు. ఫైలు మీద డీకోడర్ తెరిచి, టోకెన్ పిలుపుతో మొదటి చతురస్ర బ్రాకెట్టును దాటండి. ఇంకా ఉన్నాయా అని మోర్ చెప్పినంతసేపు ఒక్కో రికార్డును రేట్‌లోకి డీకోడ్ చేసి, అక్కడికక్కడే డేటాబేసులో వేయండి. రేట్ వేరియబుల్‌ను లూప్ లోపలే ప్రకటించండి. బయట ప్రకటిస్తే, ఒక రికార్డులో రాని ఫీల్డుకు ముందు రికార్డు విలువ అలాగే మిగిలిపోయి, గుంటూరు మిరప ధర పక్క యార్డు ఖాతాలో పడుతుంది. లూప్ అయ్యాక ముగింపు బ్రాకెట్టును కూడా టోకెన్‌గా చదివి ఎర్రర్ చూడండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగిన ఫైలు అక్కడ బయటపడుతుంది.